చిట్టి మూతి మీది బెల్లం

నా పేరు చెప్పను. చెప్పినా ఈ కాలనీలో సగం మందికి తెలియదు. "కుక్కల డాక్టరు తాత" అనండి, చిన్నపిల్లలు కూడా వేలు పెట్టి మా ఇల్లు చూపిస్తారు. ఆ పేరు చెవిన పడ్డప్పుడల్లా నా ఛాతీ మీద ఎవరో అరచెయ్యి ఆనించి నొక్కుతున్నట్టు ఉంటుంది. యాభై ఏళ్ళ పైమాట. ఆ చెయ్యి అక్కడే ఉంది. నేను డాక్టర్ని కాను. కుక్కపిల్లల గురించి నాకు తెలిసిన విద్య కూడా నాది కాదు. అది ఒక మనిషి సొత్తు. ఆమె దగ్గర నేర్చుకున్నాను, ఆమెను నిలువ నీడ లేకుండా చేశాను, ఆ తర్వాత ఆ విద్యతోనే ఇన్నేళ్ళూ పెద్దమనిషిగా చెలామణీ అయ్యాను.

ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అన్నం తినేటప్పుడు వచ్చింది, ఆమె దవాఖానా మంచం మీద ఉన్నప్పుడూ వచ్చింది. ప్రతిసారీ మింగేశాను. ఎందుకు? ఆమె నన్ను మంచివాడనుకుంటూ పోవాలని నాకు ఆశ. అంతకు మించి కారణం లేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను. ఒక్క మాట మాత్రం ముందే అంటున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే నమ్మకండి. నాకు ఆ గుణం ఉంది.

అప్పుడు నేను గోదావరిఖనిలో ఒక చిన్న దవాఖానాలో కాంపౌండర్ని. ఇరవై ఆరేళ్ళు. రేకుల కప్పు, రెండు గదులు, సీసాల్లో ఎర్రమందు, తెల్లమందు. డాక్టరు గారు వేరే ఊరి నుంచి వచ్చి పోయేవాడు, ఆయన లేని రోజుల్లో నేనే డాక్టర్ని. బొగ్గు బాయిలో, అదే గనిలో, దిగి చేతులు నలిగినవాళ్ళు, దగ్గుతో వంగిపోయినవాళ్ళు, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళు, నా తెల్లకోటు చూసి బల్ల మీంచి లేచి నిలబడేవారు. "కూసో కాకా" అనేవాణ్ణి పైకి. లోపల మాత్రం వాళ్ళు లేచినందుకు సంతోషం. ఆ సంతోషమే నన్ను పాడు చేసిందని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు అది సంతోషమని కూడా తెలియదు, గౌరవం అనుకున్నాను.

మా దగ్గరి బాయి మేనేజర్ని అందరూ దొర అనేవారు. ఆయన బంగళాలో రాణి అని ఒక ఆల్సేషియన్ కుక్క ఉండేది. ఒక వానాకాలం అది ఏడు పిల్లల్ని పెట్టింది. పిల్లలు కళ్ళు తెరిచి నడక నేర్చేలోపే రాణికి పొదుగు వాచి పాలు ఎండిపోయాయి. పశువుల డాక్టరు ఉండేది తాలూకాలో, జీపు పంపితే వచ్చేవాడు, వాగు పొంగితే అదీ లేదు. దొర నాకు కబురు పెట్టాడు. మనుషులకు మందిచ్చేవాడికి కుక్కపిల్లలు ఒక లెక్కా అని ఆయన అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

ఏడింటిలో ఆరు దిట్టంగా ఉన్నాయి. ఏడోది ఉంది చూశారూ, అది నా అరచేతిలో పట్టేది. మిగతావి గిన్నె చుట్టూ మూగితే దీనికి చోటు దొరికేది కాదు. దొర భార్య, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం, దానికి చిట్టి అని పేరు పెట్టుకుంది. ఆమెకు పిల్లల్లేరు. మిగతా ఆరింటినీ ఫలానా ఆఫీసరుకు, ఫలానా ఇంజనీరుకు అని ముందే మాట ఇచ్చేశారు. చిట్టిని మాత్రం ఎవరికీ ఇవ్వనంది.

ఇక కొమురవ్వ.

ఎలా చెప్పాలి ఆమె గురించి? యాభై దాటిన మనిషి. బంగళాలో ఊడ్చి తుడిచే పని. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టింది. పెళ్ళయ్యాక భర్త మంద అమ్ముకుని బాయిలో చేరాడు. నేను చూసేటప్పటికి ఆయన ఛాతీ నిండా దుమ్ము పేరుకుని పని మానేసి, బంగళా వెనక గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉండేవాడు. ఆ ఒక్క గదే వాళ్ళ ఇల్లు. ఆమె పని ఉన్నన్నాళ్ళే ఆ గది. పని పోతే గదీ పోతుంది. ఆ సంగతి బంగళాలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి, నాకు తెలుసు.

ఆమె బొడ్లో ఒక చిన్న గుడ్డ సంచి ఉండేది. అందులో ఎప్పుడూ బెల్లం ముక్క. మా వైపు బాయి నుంచి పైకి వచ్చినవాడు బెల్లం నోట్లో వేసుకుంటాడు, గొంతులో పట్టిన బొగ్గు దుమ్ము దిగుతుందని. భర్త షిఫ్టు దిగేటప్పటికి గేటు దగ్గర బెల్లంతో నిలబడటం ఆమెకు అలవాటు. ఆయన బాయి మానేసినా ఆమె బెల్లం మానలేదు.

మొదటిసారి చిట్టి పడిపోయింది ఒక పొద్దున. అంతకుముందు రెండు రోజులు ముసురు. మొదటి షిఫ్టు కూత వినబడ్డ కాసేపటికి నేను బంగళా చేరాను. వరండాలో అమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. చిట్టి కల్లు తాగినవాడిలా నాలుగు అడుగులు అడ్డంగా వేసింది. తల ఒక పక్కకు వాలింది. గోడకు నుదురు ఆనించి అలాగే ఉండిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. తర్వాత పక్కకు ఒరిగి, ఒళ్ళంతా వణుకుతూ కాళ్ళు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"మూర్ఛ అమ్మగారూ, ఇది బతకదు" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో! నా సంచిలో మూర్ఛకు ఇచ్చే నిద్రమందు ఉంది, తీస్తున్నాను కూడా. అది ఇచ్చి ఉంటే ఆ క్షణమే చిట్టి పని అయిపోయేది.

కొమురవ్వ చీపురు పక్కన పెట్టి వచ్చింది. నన్ను అడగలేదు. పిల్లను ఎత్తి, దాని చెవి తన పెదవికి ఆనించి చూసింది. పై మూతి ఎత్తి చిగుళ్ళు చూసింది. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు సున్నం కొట్టినట్టు ఉన్నాయి.

"మూర్ఛ గాదు సారూ. కడుపు కాలి అయింది, పెయ్యి సల్లవడ్డది. గొర్రెపిల్లలు గిట్లనే పడ్తయి ముసురుల" అంది.

ఒళ్ళు చల్లబడ్డ ఆ పిల్లను కొంగులో చుట్టి కడుపుకు హత్తుకుంది. వంటామెను గోరువెచ్చని నీళ్ళడిగి, సంచిలోంచి బెల్లం తీసి, ఒక మూతలో కరిగించింది. నేను ఊరుకుంటానా? డాక్టర్ని కదా. పాలు పట్టే గొట్టం తీసి, "ఇటియ్యి, నోట్లె పోస్త" అని ముందుకు వంగాను. నా చేతిని పక్కకు తోసేసింది. నిజంగానే తోసేసింది, అమ్మగారి ముందు.

"పొయ్యకు! సోయిల లేదు, మింగుతదా అది? ఊపిరిల పడి సస్తది."

వేలు బెల్లం నీళ్ళలో ముంచి, చిట్టి పెదవి లోపల, చిగుళ్ళ మీద మెల్లగా రుద్దింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ రుద్దింది. ఇంకో చేత్తో కొంగు మీంచి పిల్ల వీపు రాస్తూనే ఉంది. తొందర లేదు, కంగారు లేదు. నేను అక్కడ లేనట్టే. కాసేపటికి చిట్టి నాలుక కొన కదిలింది. ఇంకాసేపటికి ఆ వేలిని చప్పరించింది. అప్పుడు ఆమె పిల్లను కింద దించి, గిన్నెలో పాలూ మెత్తగా పిసికిన అన్నం కాస్త పెట్టింది. తిన్నది! నాలుగు కాళ్ళ మీద నిలబడి తిన్నది. అమ్మగారు ఏడుస్తూ నవ్వింది. నేను గొట్టం పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఇంత వయసొచ్చింది, ఎందరో డాక్టర్లను చూశాను. ఆ పొద్దున కొమురవ్వ చేతుల్లో చూసిన నేర్పు ఇంకెక్కడా చూడలేదు. ఒట్టు.

ఆ రోజే ఆమె నాకు అంతా చెప్పింది. దాచుకోలేదు. వరండా మెట్ల మీద కూర్చుని, ఒక్కో పిల్లను ఒళ్ళోకి తీసుకుని చూపించింది. పడిపోయేదాకా ఆగొద్దంది. ముందు ఆట మానేస్తుందట, మూలకు చేరుతుందట, తల్లికి దూరంగా ఒంటరిగా పడుకుంటుందట. చెవులు, పాదాలు చల్లబడితే అప్పుడే చెయ్యి వెయ్యాలి. కుంపటి పక్కన పెట్టి గబగబా కాచకూడదు, మన ఒంటి వెచ్చదనం చాలు. చిన్న కడుపులో తిండి నిలవ ఉండదు కాబట్టి కొంచెం కొంచెం, రెండు గంటలకోసారి. ఇంకో మాట కూడా చెప్పింది. నేను మరిచిపోయి ఉండాల్సిన మాట కాదు అది.

"బెల్లం లేపుతది, గంతే సారూ. లేశినంక ఎంటనే తిండి వెట్టాలె. వెట్టకపోతే గంట కాకముందే మల్ల పడ్తది. రొండోపారి లేసుడు కష్టం."

ఆమెకు గడియారం చూడటం రాదు. బంగళా వాచ్‌మన్ గంటకోసారి ఇనప పట్టా మీద గంట కొట్టేవాడు. ఒక గంట వదిలి రెండో గంటకు గిన్నె పట్టుకుని బయల్దేరేది. చేతిలో ఏ పని ఉన్నా సరే. ముందు చిట్టికి విడిగా పెట్టి, తర్వాత మిగతావాటిని వదిలేది. వారం తిరిగేసరికి చిట్టి పెద్దవాటి తోకలు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. "సూడు దీని పెత్తనం!" అని కొమురవ్వ మురిసిపోయేది. నేను కూడా మురిసిపోయాను. అబద్ధం ఎందుకు, ఆ వారం నేను ఆమెను కొలిచినంత పని చేశాను. ఇంటికెళ్ళి నోటుబుక్కులో ఆమె చెప్పినవన్నీ రాసుకున్నాను. ఆమె పేరు మాత్రం రాయలేదు.

దొర అడిగితే, "గ్లూకోజు వైద్యం చేశాను సార్" అన్నాను. అది మొదటి అబద్ధం. చిన్నది. చిన్నదే కదా అని నేనే నాకు సర్ది చెప్పుకున్నాను.

తర్వాత మెల్లగా ఇంకోటి మొదలైంది. అమ్మగారు నన్ను ఏదైనా అడిగి, నేను జవాబు చెప్పగానే కొమురవ్వ వైపు చూసేది. ఒకరోజు ఇంటికి వచ్చిన ఆఫీసర్ల ఆడవాళ్ళ ముందు, "కాంపౌండరు గారూ, ఒకసారి కొమురవ్వను అడిగి చెప్పండి" అంది. వాళ్ళు నవ్వారు. తల కొట్టేసినట్టయింది నాకు. ఊడ్చే మనిషిని అడిగి నేను చెప్పాలా? ఆ మనిషి నా కళ్ళ ముందు ఒక ప్రాణం నిలబెట్టిందని తెలిసి కూడా ఆ మాట అనుకున్నాను. ఎలా అనుకోగలిగాను? ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను, జవాబు రాదు. అనుకున్నాను, అంతే.

అవకాశం పది రోజుల్లో దొరికింది. పిల్లల పొట్టలు ఉబ్బాయి, దొడ్డికి కూర్చుంటే నూలుపోగుల్లాంటి పురుగులు. పురుగుల మందు నా ఇలాకా. కొమురవ్వకు రాని విద్య. ఆ రోజుల్లో మా దవాఖానాలో మనుషుల పిల్లలకు పురుగుల మందు ఇవ్వాలంటే ఒక పద్ధతి ఉండేది. ముందురోజు సాయంత్రం నుంచి పస్తు. పొద్దున పరగడుపున మందు. ఆ పైన ఆముదం. కడుపు ఖాళీగా ఉంటేనే పురుగు మందు తింటుందని అందరి నమ్మకం. ఇంటింటా అదే. ఆ పస్తు నేను కుక్కపిల్లలకు పెట్టాను. "సాయంత్రం నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టొద్దు. పాలు వంటింట్లో పెట్టి తాళం వేయండి. పొద్దున నేనొచ్చి మందు వేసేదాకా ఎవరు అడిగినా తియ్యకండి" అని అమ్మగారికి గట్టిగా చెప్పాను. ఎవరు అడిగినా అన్నప్పుడు ఎవరి వైపు చూశానో నాకు తెలుసు.

కొమురవ్వ గేటు దాకా నా వెంట వచ్చింది.

"సారూ, పెద్దయి ఆరింటిని పస్తు పండవెట్టు. గా చిట్టి ఆగది. దానికన్న జర పాలియ్యనీ."

"నీకెర్కనా, నాకెర్కనా?" అన్నాను. సైకిలెక్కి వెళ్ళిపోయాను.

తెలుసు నాకు. ఇది ముఖ్యం. తెలియక చేసిన తప్పు కాదిది. ఖాళీ కడుపుతో చిట్టి ఏమవుతుందో నా నోటుబుక్కులో నా చేత్తోనే రాసి ఉంది. ఒక్క పూటేగా, ఏం కాదులే అనుకున్నాను. ఆమె మాట వినకుండా కూడా పని జరుగుతుందని చూపించాలనుకున్నాను.

పొద్దున ఏడింటికల్లా వెళ్ళాల్సింది. బయల్దేరుతుండగా వేలు నలిగిన మనిషిని తీసుకొచ్చారు. కట్టు కట్టి, ఇంకో ఇద్దరికి మందిచ్చి, బంగళా చేరేసరికి తొమ్మిది దాటింది. కనీసం పిల్లలకు పాలు పెట్టమని కబురైనా పంపొచ్చు. పంపలేదు. నా మందు పాడవుతుందని.

గేటులోంచే అమ్మగారి ఏడుపు వినబడింది.

తర్వాత వంటామె చెప్పింది జరిగింది. ఏడున్నరకు చిట్టి అడ్డంగా నడిచింది. కొమురవ్వ బెల్లంతో లేపింది. లేపి, పాలకోసం వంటింటి గుమ్మం దగ్గరకు పరుగెత్తింది. అమ్మగారు తాళం తియ్యలేదు. కాంపౌండరు గారు వద్దన్నారు, ఆయన వచ్చేదాకా ఆగమంది. తన గదిలో గంజి ఉందేమోనని కొమురవ్వ అటు పరుగెత్తి చూసింది, కుండ ఖాళీ. తిరిగి వచ్చేసరికి చిట్టి మళ్ళీ పడి ఉంది. మళ్ళీ బెల్లం రుద్దింది. మళ్ళీ లేచింది, లేచి ఆమె కొంగు నాకిందట. మూడోసారి పడ్డది ఇక లేవలేదు. బెల్లం తన పని రెండుసార్లు చేసింది. నిలబెట్టాల్సిన తిండికి నేను తాళం వేయించాను.

నేను వెళ్ళేసరికి చిట్టి వరండాలో గోనెసంచి మీద ఉంది. మూతి చుట్టూ గోధుమరంగు మరక. కొమురవ్వ పక్కన గొంతుక్కూర్చుని ఉంది, వేళ్ళన్నీ బెల్లం జిగట. సరిగ్గా అప్పుడే దొర బాయి నుంచి వచ్చాడు. తలటోపీ కూడా తియ్యలేదు. వంగి చూశాడు. ఆ మరకను వేలితో తాకాడు.

"ఏమిటిది?" అని నన్నడిగాడు.

ఇదుగో, ఇక్కడ ఆగుతాను. ఈ చోటికి వచ్చి నేను ఎన్నిసార్లు ఆగానో. ఆయన అడిగింది ఒక్క మాట. నిజం చెప్పడానికీ ఒక్క ఊపిరి చాలు. ఏం పోయేది నాకు? తిట్టేవాడు. ఇక రావద్దనేవాడు. దవాఖానాలో నా పని పోయేది కూడా కాదు. కానీ నా నోరు నాకంటే ముందే కదిలింది.

"బెల్లం సార్. పస్తు ఉంచమంటే, కడుపులో పురుగులున్న పిల్లకు బెల్లం పెట్టింది."

చూశారా ఎంత నేర్పుగా అన్నానో? అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. పస్తు ఉంచమన్నాను. బెల్లం పెట్టింది. బెల్లం తింటే పురుగులు పెరుగుతాయని ఊళ్ళో పసిపిల్లాడిని అడిగినా చెప్తాడు. ఇక చెప్పాల్సిందేముంది? అమ్మగారు ఏడుస్తూనే, "ఆగమన్నా వినలేదు" అంది. దొర కొమురవ్వ వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది. నోరు విప్పలేదు. దొర లోపలికి వెళ్తూ, సాయంత్రానికల్లా వెనక గది ఖాళీ చెయ్యమని వాచ్‌మన్‌తో చెప్పాడు.

మధ్యాహ్నం నేను ఆ గదికి వెళ్ళాను. జాలితో వెళ్ళానని రాద్దామనుకున్నాను, చెయ్యి రావటం లేదు. ఆమె ఎవరికైనా చెబుతుందేమోనని భయంతో వెళ్ళాను. కొమురవ్వ రెండు కుండలు, ఒక గొంగడి, ఒక ట్రంకుపెట్టె బయట పెట్టి ఉంచింది. భర్త గొంగడి మీద కూర్చుని దగ్గుతున్నాడు. ఆయనకు విషయం పూర్తిగా అర్థం కాలేదనుకుంటాను, నన్ను చూసి లేచి నిలబడబోయాడు. ఆ తెల్లకోటుకు.

"దొరకు ఎందుకు చెప్పలేదు కొమురవ్వా?" అని గొణిగాను.

ఆమె మూట ముడి వేస్తూనే ఉంది. "ఏమని?" అంది.

"పాలు నేనే బంద్ వెట్టించిన్నని."

"చెప్తె నిన్ను ఎల్లగొడ్తడు" అంది. గొంతులో కోపం లేదు, ఏదో వంటపని గురించి చెబుతున్నట్టు ఉంది. "నన్ను మల్ల ఎట్లైన రానియ్యరు, అమ్మగారి కండ్ల ముంగట సచ్చింది నా చేతులల్లనే. నువ్వు పోతె గా ఆరు పిల్లలను జూసెటోళ్ళు ఎవలున్నరు? ఇగ నీకైతె ఎర్కాయె గదా."

ఆమె ట్రంకుపెట్టెకు గొళ్ళెం వేసింది.

"మందు ఇయ్యి, గని కడుపు మాడ్వకు సారూ. రొండు గంటలకోపారి వెట్టు. గా నల్లమూతి దాని చెవులు పొద్దుగాల సల్లగుంటయి, దాన్ని ఫస్టు సూడు." అప్పుడు బొడ్లోంచి సంచి తీసింది. మిగిలిన బెల్లం ముక్క తీసి నా చేతిలో పెట్టింది. "ఇది ఉంచుకో. వంటింట్ల అడిగితె మల్ల తాళాలంటరు."

తీసుకున్నాను. సిగ్గు లేకుండా చెయ్యి చాపి తీసుకున్నాను. వెనక్కి వస్తుంటే అది నా జేబులో కరిగి తొడకు అంటుకుంది.

వాళ్ళిద్దరూ నస్పూర్‌లో ఆమె చెల్లెలి ఇంటికి వెళ్ళారని విన్నాను. ఆ చలికాలంలోనే ఆయన పోయాడని కూడా విన్నాను. ఆయన ముందే జబ్బు మనిషి. నా వల్ల పోయాడని చెప్పలేను. కాదని కూడా చెప్పలేను.

ఆరు పిల్లలూ బతికాయి. ఆమె చెప్పిందల్లా అక్షరం తప్పకుండా చేశాను. ముందు తిండి పెట్టి, ఆ తర్వాతే మందు ఇచ్చాను, పురుగులు శుభ్రంగా పడ్డాయి, పస్తు అవసరమే లేకపోయింది. నల్లమూతిది ఒక పొద్దున మూలకు చేరితే చెవి పట్టుకుని చూశాను, చల్లగా ఉంది. ఆమె బెల్లంతోనే దాన్ని లేపాను, వెంటనే తిండి పెట్టాను. దొర భుజం తట్టాడు. ఒక ఆఫీసరు ఇంకో ఆఫీసరుకు చెప్పాడు. బంగళాల నుంచి క్వార్టర్లకు, క్వార్టర్ల నుంచి గుడిసెలకు నా పేరు పాకింది. రామకృష్ణాపూర్ నుంచి కూడా సంచుల్లో కుక్కపిల్లల్ని పెట్టుకుని బస్సులో వచ్చేవారు. "ఎక్కడ నేర్చుకున్నారు సార్?" అని అడిగితే, "అనుభవం" అనేవాణ్ణి. ఎవరి అనుభవం? అది మాత్రం చెప్పలేదు.

ఒకసారి నస్పూర్ వెళ్ళాను. మూడేళ్ళ తర్వాత. బస్సు దిగి, హోటల్లో చాయ తాగాను. కొమురవ్వ ఇల్లెక్కడని అడగడానికి నోరు తెరిచి, ఇంకో చాయ అడిగాను. తిరుగు బస్సెక్కాను. ఆ తర్వాత చాలా ఏళ్ళకు ఆమె కూడా లేదని తెలిసింది. క్షమించమని అడగాల్సిన మనిషి లేదని తెలిసినప్పుడు, ఏడుపు కంటే ముందు నాకు హాయిగా అనిపించింది. ఇక వెళ్ళక్కర్లేదు కదా అని. అదీ నేను.

మరి ఇప్పుడెందుకు? పోయిన నెలలో పక్కింటి అమ్మాయి చున్నీలో చుట్టి ఒక కుక్కపిల్లను తెచ్చింది. నెల దాటిందేమో. మెడ వాలిపోయి ఉంది. నా చేతులు ఇప్పుడు వణుకుతాయి. అయినా పెదవి ఎత్తి, చిగుళ్ళ మీద బెల్లం నీళ్ళు రుద్దాను. నోట్లో పొయ్యబోతే ఆ అమ్మాయి చెయ్యి పక్కకు తోశాను. అచ్చం అలాగే తోశాను. పిల్ల లేచింది. పాలన్నం తిన్నాక, ఇప్పుడు ఊళ్ళోనే పశువుల దవాఖానా ఉంది కదా, వెంటనే తీసుకెళ్ళి చూపించమన్నాను. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, "ఇది మీకు ఎవలు నేర్పిన్రు తాతా?" అంది.

"కొమురవ్వ" అన్నాను.

ఎలా వచ్చిందో తెలియదు. యాభై ఏళ్ళలో ఆ పేరు పైకి పలకడం అదే మొదలు. "ఎవలామె?" అంది అమ్మాయి. నేను చెప్పలేకపోయాను. ఆమె పిల్లను తీసుకుని పరుగెత్తింది. ఆ రోజు నుంచి కాగితాలు ముందేసుకుని కూర్చుంటున్నాను.

రాస్తే ఏమవుతుంది? చిట్టి లేవదు. ఆ గది ఆమెకు తిరిగి రాదు. మీరు నన్ను క్షమించాలని అడగటం లేదు, అది మీ చేతిలో లేదు. ఎవరి చేతిలోనూ లేదు. కొమురవ్వ మాత్రం ఆ రోజే క్షమించిందేమో అని ఒక్కోసారి ఆశ పుడుతుంది. వెంటనే బుద్ధి వస్తుంది. ఆమె నా గురించి ఆలోచించనే లేదు. ఆరు పిల్లల గురించి ఆలోచించింది. ఇల్లు పోతున్న పూట కూడా, ఏ పిల్ల చెవులు చల్లగా ఉంటాయో గుర్తుపెట్టుకున్న మనిషి ఆమె.

దొర కూడా ఎప్పుడో పోయాడు. అయినా ఆయన అడిగిన మాటకు నేను జవాబు బాకీ. వరండా, గోనెసంచి, ఆమె వేళ్ళకు అంటిన జిగట, అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. ఆయన వంగి ఆ మరకను తాకి, ఏమిటిది అని అడుగుతున్నాడు. చెబుతున్నాను.

బెల్లం సార్. కొమురవ్వ రుద్దింది, బతికించడానికి. రెండుసార్లు బతికించింది కూడా. పాలకు తాళం వేయించింది నేను. ఆమె వద్దని గేటు దాకా వచ్చి చెప్పింది సార్. నేను వినలేదు.